బోర్లించని గిన్నెలు

నా చిన్నప్పుడు మా పాళెంలో ఏ ఇంటి మనిషి సంద్రం మీద ఉన్నాడో, ఏ ఇంటి మనిషి ఒడ్డుకు చేరాడో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. వాకిట్లో గిన్నెలు చూస్తే చాలు. మగవాళ్ళు వేటకు పోయినంతసేపూ ఆడవాళ్ళు తోమిన గిన్నెలను వెల్లకిలానే పెట్టేవాళ్ళు. బోర్లిస్తే అక్కడ తెప్ప బోర్లపడుతుందని భయం. తెప్ప ఒడ్డెక్కి, వల భుజాన వేసుకుని మనిషి వాకిట్లోకి వచ్చాక ఇంటావిడ ఒక్కో గిన్నెనూ తీసి బల్ల మీద బోర్లించేది. బడి నుంచి వస్తూ వీధి మొదట్లోనే నేను మా బల్ల వైపు చూసేదాన్ని. గిన్నెలు బోర్లా కనబడితే ఇక పరుగే, మా నాయన వచ్చేశాడని.

ఈ పట్టింపుకు రెండో వైపు కూడా ఉంది, అది ఇంకా గట్టిది. మనిషి ఇంట్లో ఉండగా గిన్నెలు వెల్లకిలా ఉంచకూడదు. ఉంచితే ఈ ఇంటివాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారనుకుని సంద్రం ఆ మనిషిని మళ్ళీ పిలుస్తుందట. అందుకే మా అమ్మ నాయనకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఇవ్వకుండా ముందు గిన్నెల దగ్గరకు పోయేది. నాయన ఆ తడి కాళ్ళతోనే బల్ల పక్కన నిలబడి, బోర్లించిన సట్టి మీద వేళ్ళతో దరువు వేసేవాడు. అమ్మ కసిరేది. సట్టి పగిలితే పులుసు నీ నెత్తిన కాస్తానా అనేది. ఆ కసురు వినడానికే ఆయన రోజూ దరువు వేసేవాడని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

మాది విడవలూరుకు తూర్పున, సరివి తోటలు దాటితే వచ్చే పాళెం. ఇంట్లో అమ్మ, నాయన, చూపు మందగించి వేట మానేసిన మా తాతయ్య, నేను. తాటాకు దడికి అవతల పక్కింటి అక్క ఉండేది. గాలివాన వచ్చిన ఏడు ఎండాకాలంలోనే కొత్తగా కాపురానికి వచ్చింది. మాకు చుట్టరికం లేదు, కానీ ఆమె మా అమ్మను పిన్నమ్మా అనేది, నాకు రోజూ జడ వేసేది. ఆమె మొగుణ్ణి నేను బావా అనేదాన్ని. బావా, మా నాయనా ఒకే తెప్ప మీద వేటకు పోయేవాళ్ళు. తెప్పంటే పడవ కాదు, నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించి కట్టిందే. విప్పితే దుంగలు, కడితే తెప్ప.

ఆ కార్తీకంలో ఒకరోజు తెల్లవారక ముందే అందరితో పాటు వాళ్ళూ పోయారు. పొద్దెక్కేసరికి ఆకాశం పసుపు కలిపిన నీళ్ళ రంగుకు తిరిగింది. గాలి ముందు ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయి, తర్వాత ఒక్కసారిగా లేచింది. ఇప్పటిలాగా సెల్ ఫోన్లలో ముందే చెప్పే రోజులు కావు. ఆడవాళ్ళందరూ ఒడ్డుకు పరిగెత్తారు. మధ్యాహ్నానికల్లా తెప్పలు అలల మీద ఎగిరి పడుతూ ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్కో తెప్ప ఒడ్డుకు కొట్టుకున్నప్పుడల్లా ఒక ఇంటి ఆడమనిషి ఆ గుంపులోంచి విడిపోయి ఇంటికి పోయేది. గుంపు తరిగి తరిగి చివరికి ఇసుకలో మా అమ్మా, పక్కింటి అక్కా మిగిలారు. వాళ్ళ మధ్యన నేను. వాన చెంపల మీద కొడుతుంటే అమ్మ నా మొహం తన చీరకు అదుముకుంది. నాకు సంద్రం కనబడలేదు, దాని మోత మాత్రం వినబడింది.

గాలి తగ్గాక మా పాళెం మగవాళ్ళు వెతకడానికి పోయారు. ఉత్తరానికీ, దక్షిణానికీ పోయి వెతికారు. ఏమీ దొరకలేదు. దొరకలేదు అనే మాటను రెండు రకాలుగా వినొచ్చని నాకు అప్పుడే తెలిసింది. పెద్దవాళ్ళు ఒక రకంగా విన్నారు. మేము ముగ్గురం ఇంకో రకంగా విన్నాం.

అప్పటి నుంచి రోజూ తెల్లవారగానే అమ్మా, అక్కా తలమీద నీళ్ళు పోసుకుని తడి చీరలతో గంగమ్మ దగ్గరకు పోయేవాళ్ళు. గుడంటే గుడి కాదు. ఇసుక దిబ్బ మీద నాలుగు గోడలు, లోపల పసుపు పూసిన రాయి, పైన వేపమండలు. వెనకాలే నేనూ పోయేదాన్ని. ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపేవాళ్ళు. ఏం అడుగుతున్నారో వినబడేది కాదు. వినాల్సిన పనేముంది, అమ్మ నాయన్ని అడుగుతుంది, అక్క బావను అడుగుతుంది. నేను మా నాయన్ని అడిగాను.

ఎంత అడిగానో చెప్పలేను. నిద్ర లేస్తూ అడిగాను, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ అడిగాను. చేపలు తినడం మానేశాను. చేపలు మానేస్తే మా ఇంట్లో ఇక గంజీ ఉప్పూ తప్ప ఏముంటుంది, అయినా మానేశాను. నాయన తిరునాళ్ళలో కొనిపెట్టిన ఎర్ర గాజులు తీసి గంగమ్మ రాయి ముందు పెట్టాను. ఆమెతో పందేలు కూడా వేశాను. ఆ కొంగ ఎగరకముందే తెరచాప కనబడాలి అనేదాన్ని. కొంగ ఎగిరిపోయేది. సరే, ఇది కాదు, ఆ పీత బొక్కలోకి పోయేలోపు అనేదాన్ని. పీత పోయేది. ప్రతిసారీ నేనే ఓడిపోయి, నేనే ఆమెకు ఇంకో అవకాశం ఇచ్చేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఒక్కో పందేన్నీ రెప్ప వేయకుండా చూసేదాన్ని. ఆ రోజుల్లో నేను అడిగినంత నిజంగా మళ్ళీ జన్మలో ఏదీ అడగలేదు.

ఆ వారంలో మా పాళేనికి తాళ్ళ సాయిబు తాత వచ్చాడు. సైకిలు మీద తాళ్ళు, వల దారం, గాలాలు పెట్టుకుని పాళేలన్నీ తిరిగి అమ్మేవాడు. మా నాయన తెప్పకు కట్టిన తాళ్ళు కూడా ఆయన దగ్గర కొన్నవే. సరివి నీడలో తువ్వాలు పరిచి నమాజు చేసుకోవడం ఆయనకు అలవాటు. ఆ రోజు కూడా పరుచుకున్నాడు. నేను ఎదురుగా పోయి కూర్చున్నాను. మా వాళ్ళందరూ సంద్రం వైపు తిరిగి దండం పెడితే, ఆయన సంద్రానికి వీపు పెట్టి పడమటికి తిరిగేవాడు. ఎప్పుడూ చూసేదే అయినా ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఆయన తువ్వాలు మడుస్తుండగా అడిగేశాను.

"మా నాయన అటు పక్క ఉండాడు. నువ్వేంది తాతా, ఇటు తిరిగి అడుగుతావు?"

ఆయన నన్ను తిట్టలేదు. నవ్వలేదు కూడా. మడిచిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎటు తిరిగినా ఆయనకు వినపడుతుందమ్మా," అన్నాడు. "నాకే నీ ఏడుపు వినపడతా ఉంది, ఆయనకు వినపడదా?"

"వినపడితే పంపిస్తాడా?"

"పంపిస్తాడని నేను చెప్పినాననుకో, రేపొచ్చి నన్ను అడుగుతావు. వింటాడని మాత్రం చెప్పగలను. విన్నాక ఏం చేస్తాడో నాకు ఏనాడూ చెప్పలేదు."

నాకు ఆ జవాబు నచ్చలేదు. పెద్దవాళ్ళు తెలియదని ఒప్పుకోవడం పిల్లలకు భయంగా ఉంటుంది. వస్తాడమ్మా, తప్పకుండా వస్తాడు అన్నవాళ్ళు పాళెంలో చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గరకే పోయేదాన్ని, మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదాన్ని. సాయిబు తాత వైపు కొన్నాళ్ళు చూడలేదు.

తర్వాత ఒకరోజు పొద్దున పదిగంటల వేళ, సరివి తోటల దారిలో ఎవరో వస్తున్నారని పిల్లలు కేకలు పెట్టారు. అమ్మ చేతిలో చేట అట్లాగే వదిలేసి పరిగెత్తింది. అక్క జుట్టు విరబోసుకునే పరిగెత్తింది. దారిలో ఒక మనిషి మెల్లగా నడిచి వస్తున్నాడు, ఒక చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది, పక్కన ఎవరో పట్టుకుని నడిపిస్తున్నారు. దూరం నుంచి ఆ నడక ఎవరిదో పోల్చుకోలేనంతగా మారిపోయింది. మేము ముగ్గురం ఒకేలా పరిగెత్తాం. దగ్గరకు వచ్చాక అక్క ఆగలేదు. అమ్మ ఆగిపోయింది.

వచ్చింది బావ ఒక్కడే.

అరవం మాట్లాడే పడవవాళ్ళెవరో దక్షిణాన సంద్రంలో దుంగ మీద అతన్ని చూసి ఎత్తుకున్నారట. తెలివి లేకుండా అక్కడి ఆసుపత్రిలో పడి ఉన్నాడట. నోరు పెగిలాక ఊరి పేరు చెబితే, ఒకరు తోడొచ్చి గూడూరు మీదుగా బస్సులో తీసుకొచ్చారు. మా వాకిట్లో కూర్చుని జరిగింది చెప్పాడు. గాలికి తెప్ప కట్లు తెగిపోయాయి. బావ చెయ్యి దుంగల మధ్య నలిగి, పట్టు దొరక్కుండా పోయింది. మా నాయన చేతికందిన తాడుతో బావను దుంగకు కట్టాడు. ఇంకో మనిషిని కట్టేంత తాడు లేదు. తను చేతులతో పట్టుకుని పక్కనే ఉన్నాడు. నిద్రపోబాక అబ్బయ్యా, నిద్రపోబాక అంటూనే ఉన్నాడట. బావ ఒకసారి కళ్ళు మూసి తెరిచేసరికి ఆ మాట ఆగిపోయింది, పక్కన మనిషి లేడు.

మా అమ్మ ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"మునిగేది నువ్వు చూసినావా?"

"లేదు పిన్నమ్మా."

"అయితే సరే," అని లేచి లోపలికి పోయింది. పోతూ పోతూ బల్ల మీద గిన్నెల వైపు ఒక చూపు చూసింది. వెల్లకిలానే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు.

ఆ రోజు నాకు వచ్చిన కోపాన్ని ఈ వయసులో కూడా మరిచిపోలేను. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే చోట, ఒకేలా మోకాళ్ళేసి, ఒకేలా ఏడ్చి అడిగారు. ఒకరి మొగుడు వచ్చాడు, ఒకరి మొగుడు రాలేదు. అక్క మా అమ్మ కంటే బాగా ఏం అడిగింది? బావ మా నాయన కంటే మంచివాడా? ఒక్కరూ రాకపోయి ఉంటే దేవుడు లేడని ఊరుకునేదాన్నేమో. ఒకరు రావడంతో ఉన్నాడని తెలిసిపోయింది, మమ్మల్ని కాదన్నాడనీ తెలిసిపోయింది. అది భరించలేకపోయాను. గంగమ్మ దగ్గరకు పోయి, ఇసుక తీసి ఆ రాయి మొహాన కొట్టాను. ఇంక నీ గడప తొక్కను అని చెప్పాను. తాతయ్య వెనకాలే వచ్చి నిలబడ్డాడని నాకు తెలియదు. పై పంచతో ఆ రాయిని తుడిచి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

సాయిబు తాత ఆ తర్వాత వచ్చినప్పుడు, నీ దేవుడు కూడా వినలేదు అని మొహం మీదే చెప్పాను. ఆయన తాళ్ళ మూట విప్పకుండానే మా తాతయ్య పక్కన చాలాసేపు కూర్చుని, తర్వాత సరివి నీడకు పోయి తువ్వాలు పరిచాడు. ఆ రోజు లేవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

అమ్మ గంగమ్మ దగ్గరకు పోవడం మానలేదు. కానీ ఒక్కతే పోయేది. అక్క వేరే వేళలో పోయేది. అంతకుముందు ఒకే కంచంలో తిన్నట్టు ఉన్న ఇద్దరూ, ఇప్పుడు తాటాకు దడికి చెరో పక్కన ఉండిపోయారు. అక్కకు మా అమ్మ మొహం చూడటానికి ధైర్యం లేదు. మా అమ్మకు బావను చూసే ఓపిక లేదు. నాకు జడ వేసే వాళ్ళు లేక నా జుట్టు అట్టలు కట్టింది. వీధిలో అక్క వాకిలి దాటేటప్పుడు నేను కావాలనే మొహం అటు తిప్పుకునేదాన్ని. ఆ బల్ల మీద బోర్లించిన గిన్నెలు నా కంట పడకూడదు.

మా గిన్నెలు మాత్రం వెల్లకిలానే ఉండేవి. వాటిల్లో రాత్రి పడ్డ వాన నీళ్ళు నిలిచేవి, సరివి ఆకు రాలేది, కోళ్ళు మూతి పెట్టేవి. అమ్మ రోజూ పొద్దున వాటిని ఒంపేసి, మళ్ళీ తోమి, మళ్ళీ వెల్లకిలానే పెట్టేది. వాడని గిన్నెలను కూడా తోమేది. నాయన పులుసు సట్టిని అన్నిటికంటే ఎక్కువసేపు తోమేది. నేను పక్కన కూర్చుని ఆ చేతుల వైపే చూసేదాన్ని. ఆ చేతులు ఆగితే ఏమవుతుందోనని భయం.

పాళెం పెద్దలు మా వాకిటికి వచ్చి మా తాతయ్యతో మాట్లాడారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళలో ఇద్దరు మా నాయన కోసం సంద్రం మీదకు పోయి వెతికినవాళ్ళే. దక్కని మనిషికి కర్మ చేయకపోతే ఆ జీవుడు ఒడ్డుకూ సంద్రానికీ మధ్య తిరుగుతా ఉంటాడనీ, అమావాస్యకల్లా ఆ కార్యం జరిపించమనీ చెప్పారు. జరిపిస్తే అమ్మ గాజులు తీస్తారు, బొట్టు తీస్తారు, గిన్నెలన్నీ అమ్మ చేతనే బోర్లింపజేస్తారు. కొడుకు పోయినవాడు తాతయ్య, ఆ సంగతి మేమెవరం గుర్తుపెట్టుకోలేదు. "కోడలు ఎప్పుడంటే అప్పుడు," అన్నాడు. అంతే.

అమ్మ తలుపు వెనక నుంచి విన్నది. బయటకు రాలేదు. అమావాస్య రావడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. ఆ రోజుల్లో నేను దేవుడితో మాట్లాడటం మానేశాను గానీ, అలవాటు కొద్దీ నోట్లోకి వచ్చిన మాటను పళ్ళతో కొరికి ఆపుకునేదాన్ని. అడగకుండా ఉండటం అడగడం కంటే కష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం పొయ్యిలో నిప్పు ఆరిపోయి, అగ్గిపెట్టె తడిసిపోయి, తాతయ్య నన్ను పక్కింటికి పోయి రెండు నిప్పులు తెమ్మన్నాడు. పోనన్నాను. ఆయన నా చేతిలో పెంకు పెట్టి, పోయి రామ్మా అన్నాడు. ఆయన గొంతు ఎందుకో మెత్తగా ఉంది. చూపు ఆనని మనిషికి దడి సందుల్లోంచి ఏం తెలిసిందో, ఎవరు చెప్పారో, ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

అక్క వాకిట్లోకి తల దించుకునే పోయాను. అరుగు మీద బావ కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. అక్క నిప్పులు తేవడానికి లోపలికి పోయింది. నేను తల ఎత్తక తప్పలేదు. బల్ల నా కళ్ళ ముందే ఉంది.

గిన్నెలు వెల్లకిలా ఉన్నాయి.

నాకు ముందు అర్థం కాలేదు. మరిచిపోయారేమో అనుకున్నాను. మా పాళెంలో ఆడమనిషి తన పేరైనా మరుస్తుంది గానీ అది మరవదు. అన్నం తపేలా, సట్టి, చెంబులు, అన్నీ తోమి తుడిచి వరసగా మూతి పైకి పెట్టి ఉన్నాయి. మనిషి ఇంట్లో ఉన్నాడు. సంద్రం దగ్గరి నుంచి లాక్కొచ్చుకున్న మనిషి ఎదురుగా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అక్క నిప్పులతో రాగానే అడిగాను.

"బావ వచ్చినాడు గదా అక్కా. బోర్లించలేదేంది?"

అక్క పెంకులో నిప్పులు పోసి, పైన బూడిద కప్పింది. నా మొహం వైపు చూడలేదు.

"ఒకే తెప్ప మీద పోయినారు ఇద్దరూ," అంది. "ఒకరొస్తే తెప్ప వచ్చినట్టు కాదు మే."

"సంద్రం బావను మళ్ళీ పిలిస్తే?"

అక్క పట్టకారు పట్టుకునే బావ వైపు చూసింది. జవాబు బావ చెప్పాడు, అరుగు మీద నుంచే. "నేనే ఉండనీమని చెప్పినా పాపా. మీ నాయన వచ్చేదాకా ఉండనీ."

నిప్పులు తాతయ్యకు ఇచ్చి, అమ్మ దగ్గరకు పోయి చెప్పాను. అక్క గిన్నెలు బోర్లించలేదమ్మా అన్నాను. అమ్మకు రెండోసారి చెప్పాల్సి వచ్చింది. విని లేచి, కొంగు నడుముకు దోపుకుని, బావ వచ్చిన రోజు నుంచి దాటని ఆ దడి చుట్టూ తిరిగి అక్క వాకిట్లోకి పోయింది. వెనకాలే నేను పరిగెత్తాను. కొడుతుందేమో అనుకున్నాను, అంత విసురుగా నడిచింది.

నేరుగా బల్ల దగ్గరకు పోయింది. అన్నం తపేలా తీసి బోర్లించింది. చెంబు తీసి బోర్లించింది. ఒక్కోటీ ఠంగుమని మోగుతోంది. అక్క అడ్డం రాబోతే మోచేత్తో తోసేసింది.

"నీ మనిషి ఇంట్లో ఉండాడు. నాకోసం సంద్రాన్ని పిలవబాకు," అంది. సట్టి చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఆమె వల్ల కాలేదు. సట్టిని పొట్టకు అదుముకుని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. గాలివాన రోజు నుంచి దాచుకున్న ఏడుపంతా ఆ వాకిట్లో ఏడ్చింది. అక్క ఆమెను పట్టుకుంది. బావ అరుగు దిగి వచ్చి, మంచి చెయ్యి మా అమ్మ పాదాల మీద పెట్టి అట్లాగే ఉండిపోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

అమావాస్య రోజున మా గిన్నెలు బోర్లించారు. అమ్మ చెయ్యి చాపి, నాయన సట్టి మీద ఆపేసింది. ఎంతసేపైనా కదలలేదు. పెద్దలు తొందరపెట్టలేదు. అక్క వచ్చి మా అమ్మ చేతి మీద తన చెయ్యి వేసింది. మంచీ చెడూ చూసేవాళ్ళు, కొత్త కాపురం పిల్ల అది ముట్టకూడదు అన్నారు. అక్క వాళ్ళ వైపు చూడను కూడా చూడలేదు. ఇద్దరి చేతులూ కలిసి సట్టిని తిప్పాయి. చప్పుడు కాలేదు, అంత మెల్లగా పెట్టారు. మళ్ళీ ఆ సట్టి మీద ఎవరూ దరువు వేయలేదు.

తర్వాత చాలా నెలలకు, ఇసుకలో నెత్తళ్ళు ఎండబోస్తూ అమ్మను అడిగాను. అప్పటికి అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మకానికి పోతోంది, బావ ఎడమ చేత్తో వల అల్లడం నేర్చుకున్నాడు, మా ఇంట్లో ఏ బరువు ఎత్తాల్సొచ్చినా ముందు అతనే వచ్చేవాడు. అక్క మళ్ళీ నాకు జడ వేస్తోంది. అయినా ఆ ప్రశ్న నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"అక్క అడిగింది గంగమ్మ విన్నది. నువ్వడిగింది వినలా. ఎందుకమ్మా?"

అమ్మ చేపలు పరిచిన పాత వల మీద సర్దుతూనే ఉంది. "వినలేదని ఎవరు చెప్పినారు నీకు?"

"నాయన రాలేదు గదా."

"నేను ఇద్దర్నీ అడిగినా మే," అంది. "ఒకే తెప్ప మీద పోయినోళ్ళలో ఒకణ్ణి అడిగి ఒకణ్ణి వదిలేస్తానా? మీ అక్కా ఇద్దర్నే అడిగింది. పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఒకే మొక్కు మొక్కినాం. ఆ తల్లి ఒకణ్ణి ఇచ్చింది, ఒకణ్ణి ఉంచుకుంది."

"అది విన్నట్టా, విననట్టా?" అన్నాను.

అమ్మ సంద్రం వైపు చూసింది. అంత ఎండలో దాని వైపు చూస్తే కళ్ళు మూసుకోవాల్సిందే, అయినా చూసింది. "నాకు తెలీదు," అంది. "సగం గిన్నె ఇచ్చినోళ్ళను ఇచ్చినోళ్ళంటావా, ఇవ్వనోళ్ళంటావా? ఆకలైతే తీరలా. ఇచ్చిందైతే పారబొయ్యలేను గదా."

అన్నాళ్ళూ అమ్మ పెదాలు కదులుతుంటే ఏం అడుగుతోందో నాకు తెలుసనుకున్నాను. ఆ గుడిలో ముగ్గురం ఉన్నాం. ఇద్దరు ఆడవాళ్ళు ఇద్దరు మగవాళ్ళను అడిగారు. నేను ఒక్కదాన్నే ఒక్కరిని అడిగాను. అది తప్పని అమ్మ అనలేదు, నేనూ అనుకోను. చిన్నపిల్ల తన తండ్రిని కాక ఇంకెవరిని అడుగుతుంది? కానీ ఆ రోజు నుంచి నాకు అట్లా అడగడం చేతకాలేదు. నోరు తెరిస్తే పక్కవాళ్ళు కూడా ఆ మాటలోకి వచ్చి కూర్చుంటారు.

ఇప్పుడు నేను కృష్ణపట్నం దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. వాడు పోర్టులో కంపెనీ బండి నడుపుతాడు. సంద్రం మీదకు పోయేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. గిన్నెలకు స్టీలు స్టాండు ఉంది. నిజంగా అడిగితే దేవుడు పలుకుతాడా అవ్వా అని మా మనవరాలు ఒకసారి అడిగింది, ఏదో పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ. నాకు సాయిబు తాత గుర్తొచ్చాడు. వింటాడు, విన్నాక ఏం చేస్తాడో నాకు చెప్పలేదు అన్నాను. దానికీ ఆ జవాబు నచ్చలేదు. మొహం మాడ్చుకుంది. నా మొహమూ అప్పట్లో అట్లాగే ఉండి ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఆ జవాబు నచ్చదు. ఇంతకంటే మంచి జవాబు కోసం నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మొన్న వాయుగుండం వచ్చింది. ఈసారి అందరి ఫోన్లూ ముందే మోగాయి, పడవలన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. అది ఏ పాళేనిదో టీవీలో చెప్పారు గానీ అందులో పోయినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళు కాదు. ఎంతమంది పిల్లలో, ఎవరు ఏ గుడిలో మోకాళ్ళేసి కూర్చున్నారో తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు నేనే తోముతానన్నాను. తోమి, స్టాండులో పెట్టకుండా, గట్టు మీద వరసగా వెల్లకిలా పెట్టాను. మా కోడలు అలవాటుగా బోర్లించడానికి చెయ్యి చాపి, నా మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మనవరాలు మాత్రం అడిగింది, ఎవరికోసం అవ్వా అని. తెలియదన్నాను.

పక్క గదిలో మా అబ్బాయి డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతున్నాడు. వాడి గురక వంటింట్లోకి వినబడుతోంది. గిన్నెల వైపు చూశాను, ఆ రోజు అక్క బావ వైపు చూసినట్టే గది తలుపు వైపు చూశాను. అయినా వాటిని అట్లాగే ఉంచాను. ఆ పడవ ఇంకా రాలేదు. మా ఇంట్లో అందరూ ఇంట్లోనే ఉన్నారు.